కదలని సైకిల్ మీద జట్టు పందెం: పెద్దమ్మ ఉత్తరం

నాన్నా,

ఇంట్లో కదలని సైకిల్ తొక్కుతూ ఇంటర్నెట్‌లో పందేలు ఆడే మా గురువారం జట్టులో ఈ చలికాలం చేరతానని నువ్వు పంపిన మెసేజ్ చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. కాల్గరీలో మంచు పడ్డాక రోడ్డు మీద సైకిల్ తొక్కడం ఎంత కష్టమో ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. మినియాపొలిస్‌లో మాదీ అదే పరిస్థితి. హైదరాబాదులో తెల్లవారుజామునే లేచి నెక్లెస్ రోడ్డు మీద తొక్కినవాడివి, నీ కాళ్ల గురించి నాకు బెంగ లేదు. నేను చెప్పాలనుకున్నది వేరే. ఒకరి ముఖం ఒకరికి కనిపించని ఈ పందెంలో నీ గురించి అవతలివాళ్లకు తెలిసేది అంకెల ద్వారానే. ఆ అంకెల మీద నమ్మకంతోనే జట్టు పరుగెడుతుంది.

ముందు నీ బరువు సంగతి. మనం పందెం తొక్కే యాప్ జ్విఫ్ట్. అందులో తెర మీద నీ బొమ్మ ఎంత వేగంగా వెళ్లాలో నువ్వు తొక్కే వాట్లు (అంటే నీ కాళ్లు పెట్టే శక్తి), నీ బరువు, నీ ఎత్తు కలిసి నిర్ణయిస్తాయి. 75 కిలోల మనిషి 240 వాట్లు తొక్కితే కిలోకు 3.2 వాట్లు. అతనే బరువు 72 అని రాసుకుంటే అది 3.33 అయిపోతుంది. ఆ యాప్‌లో ఆల్ప్ డు జ్విఫ్ట్ అనే కొండ ఉంది. ఫ్రాన్సులోని ఆల్ప్ డ్యూయెజ్‌కు నకలు, 12 కిలోమీటర్లు, 21 మలుపులు. కిలోకు 3.2 వాట్లతో ఎక్కితే దాదాపు గంట పడుతుంది. ఆ మూడు కిలోల అబద్ధం అక్కడ సుమారు రెండు నిమిషాలు మిగిలిస్తుంది. ఆ రెండు నిమిషాలు నిజాయితీగా తొక్కిన వేరే జట్టు నుంచి లాక్కున్నవే. అందుకే పందెం ఉన్న వారం ఉదయాన్నే, ఏమీ తినకముందు బరువు చూసుకుని అదే నమోదు చెయ్యి. పండగ భోజనాల తర్వాత పెరిగితే పెరిగిన అంకే పెట్టు. 2019లో బ్రిటన్ జాతీయ ఈ-రేసింగ్ టైటిల్ గెలిచిన రైడర్, ఆటలోని ఒక సైకిల్‌ను తాను తొక్కకుండా కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో సంపాదించాడని తేలింది. టైటిల్ వెనక్కి తీసుకుని, జరిమానా వేసి, ఆరు నెలలు నిషేధించారు. ఇంట్లో ఒంటరిగా తొక్కేదే అయినా దీన్ని ఆటగా కాక క్రీడగా చూడాలని ఆ రోజే అందరికీ తెలిసింది. మరుసటి ఏడాది డిసెంబరు 9న జరిగిన తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే దూరం, 50 కిలోమీటర్లు తొక్కారు. మహిళల్లో దక్షిణాఫ్రికాకు చెందిన ఆష్లీ మూల్మన్, పురుషుల్లో జర్మనీకి చెందిన జేసన్ ఓస్బోర్న్ గెలిచారు. ఓస్బోర్న్ అప్పటికి పడవ పందేల క్రీడాకారుడు! ఈ క్రీడలో నాకు బాగా నచ్చేది ఇదే, తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి.

ట్రైనర్, అదే సైకిల్‌ను కదలకుండా నిలబెట్టి నీ వాట్లు కొలిచే యంత్రం, దాని గురించి పెద్దగా చెప్పను. వెనక చక్రం తీసి గొలుసు నేరుగా తగిలించే రకం కొన్నావు కాబట్టి టైరు గాలితో పేచీ లేదు. తయారీదారు చెప్పినట్టు కాలిబ్రేషన్ (కొలత సరిచూసుకోవడం) చెయ్యి, అదీ పది నిమిషాలు తొక్కి వేడెక్కించాక. రెండు శాతం తేడా వచ్చినా 250 వాట్ల దగ్గర అది అయిదు వాట్లు. ఇంకొకటి, సెట్టింగుల్లో ట్రైనర్ డిఫికల్టీ అని ఉంటుంది. అది తగ్గిస్తే కొండ తేలికవుతుందని చాలామంది అనుకుంటారు. కాలికి తగిలే ఎత్తుపల్లాలు మాత్రమే తగ్గుతాయి, పైకి చేరడానికి పెట్టాల్సిన శక్తి అంతే ఉంటుంది.

ఇక అసలు సంగతి, జట్టు టైమ్ ట్రయల్, అంటే జట్టంతా ఒకరి వెనక ఒకరు వరసగా తొక్కుతూ సమయం కోసం పోటీ పడటం. ఇందులో గెలుపు ముందు గీత దాటినవాడిది కాదు. మూడోవారో నాలుగోవారో, నియమంలో ఎవరి సమయం లెక్క అని ఉంటే వాళ్లదే జట్టు సమయం. కాబట్టి నువ్వు ఎంత బలంగా ఉన్నా ఆ మనిషిని వెంట తెచ్చుకోవడమే నీ పని. వెనక ఉన్నవాళ్లకు ముందున్నవాళ్ల చాటున నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. అయితే ఆ చాటు వేగం ఉన్నప్పుడే. కొండ ఎక్కేటప్పుడు వేగం తగ్గితే చాటూ తగ్గుతుంది, బలహీనులు విడిపోయేది అక్కడే. అందుకని ఎత్తు మొదలవగానే ముందున్నవాడు వాట్లు పెంచకూడదు. కొత్తవాళ్లందరూ సరిగ్గా అక్కడే పెంచుతారు. వాళ్ల కాళ్లలో అప్పటికి ఓపిక ఉంటుంది కదా!

వరసకు ముందుండి లాగే నీ వంతు వచ్చినప్పుడు ముందుకు ఎగిరి దూకకు. నీ ముందున్నవాడు తగ్గుతుంటే నువ్వు ఉన్న వేగాన్నే నిలబెట్టు. ముప్ఫై నుంచి అరవై సెకన్లు చాలు. ఎక్కువ సేపు లాగి అలసిపోతే అది మిగతావాళ్ల మీద పడుతుంది. నీ వంతు అయ్యాక వెనక్కి జారేటప్పుడు అసలు జాగ్రత్త కావాలి. ఆఖరి మనిషి నిన్ను దాటాక కాలు వేస్తే ఆలస్యమే, తోక తెగిపోతుంది. అతను పక్కకు వస్తుండగానే వాట్లు పెంచాలి. ఇదంతా డిస్కార్డ్ అనే మాట్లాడుకునే యాప్‌లో కెప్టెన్ పిలిచి చెబుతూ ఉంటుంది. ఆ మాటలు వినడానికి నీకు ఊపిరి మిగలాలి. ఊపిరి లేకపోతే ‘అయిపోయింది’ అని ఒక్క మాట చెప్పు, ఎవరూ ఏమీ అనుకోరు. చెప్పకుండా మాయమైతే మాత్రం నీ కోసం అందరూ ఆగాల్సి వస్తుంది.

లీగ్ పందేలు వేరు. అక్కడ జట్టుకు ఆరుగురి వరకు ఉంటారు. గీత దాటిన స్థానానికే కాక, దారిలో వచ్చే స్ప్రింటులకూ (కొద్ది దూరం పూర్తి వేగంతో తొక్కే చోట్లు) కొండలకూ పాయింట్లు ఇస్తారు. నీలాంటి బరువైన స్ప్రింటర్ ఆఖరున వచ్చినా జట్టుకు పాయింట్లు తేగలడు. అందుకే స్థానం చూసి దిగులు పడకు.

పందెం అయ్యాక రైడ్ రికార్డు ఏయే యాప్‌లకు పోతుందో ఇప్పుడే తేల్చుకో. నీ దగ్గర గార్మిన్ గడియారం ఉంది. జ్విఫ్ట్ రైడ్‌ను స్ట్రావాకూ (వ్యాయామాల లెక్క దాచి పంచుకునే యాప్) గడియారం యాప్ అయిన గార్మిన్ కనెక్ట్‌కూ పంపుతుంది. అదే సమయంలో గడియారంలోనూ రికార్డు చేస్తే, అది మళ్లీ స్ట్రావాకు వెళుతుంది. ఒక్క గంట తొక్కితే రెండు గంటల లెక్క, రెండింతల కేలరీలు! దాన్ని చూసి వారం ప్రణాళిక వేసుకుంటే ఒళ్లు పాడవుతుంది. చెరువు ఒకటే ఉండాలి, కాలువలు ఎన్నైనా తవ్వుకోవచ్చు. జ్విఫ్ట్‌నే చెరువుగా పెట్టుకుని, గడియారాన్ని గుండె కొట్టుకునే వేగం పంపడానికే వాడు. నీ కోచ్ నీ రైడ్‌లను ట్రైనింగ్‌పీక్స్ అనే శిక్షణ యాప్‌లో చూస్తారన్నావు కదా, దాన్ని నేరుగా జ్విఫ్ట్‌కే కలుపు, స్ట్రావా మీదుగా వద్దు. 2024 నవంబరులో స్ట్రావా నియమాలు మార్చింది. తన నుంచి తీసుకున్న నీ రైడ్‌ను వేరే యాప్‌లు నీకు తప్ప ఇంకొకరికి చూపకూడదు. బరువు, ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలబెట్టగల వాట్లు) మారినప్పుడు మాత్రం ఒక్కో చోటా నీ చేత్తోనే మార్చు. ఒక చోట మారిస్తే అన్నిచోట్లా మారుతుందని నమ్మకు.

రైడ్ ఎక్కడా కనిపించకపోతే కంగారు పడొద్దు. కంప్యూటర్‌లో డాక్యుమెంట్స్ కింద జ్విఫ్ట్ ఫోల్డర్‌లో యాక్టివిటీస్ అని ఉంటుంది. అందులో ఆ రోజు ఫిట్ ఫైలు (రైడ్ రికార్డు ఉండే ఫైలు) దొరుకుతుంది, దాన్నే స్ట్రావాలోకి ఎక్కించుకోవచ్చు. ముందుగా సేవ్ నొక్కి, ఆ తర్వాతే యాప్ మూయడం అలవాటు చేసుకో. ట్రైనర్ దొరకడం లేదని జ్విఫ్ట్ అంటే చాలాసార్లు నీ ఫోనే బ్లూటూత్‌తో దాన్ని ముందే పట్టుకుని ఉంటుంది. చాలా ట్రైనర్లు ఒకసారికి ఒక్క బ్లూటూత్ జతనే ఒప్పుకుంటాయి. ఫోనులో ట్రైనర్ యాప్ పూర్తిగా మూసెయ్యి.

వేళల విషయంలోనూ ఒక మాట. అమెరికా, కెనడాల్లో చాలా చోట్ల గడియారాలు మార్చి నెల రెండో ఆదివారం ఒక గంట ముందుకు జరుగుతాయి. యూరప్‌లో ఆ నెల ఆఖరి ఆదివారం దాకా ఆగుతారు. హైదరాబాదులో అసలు మారవు. ఆ మధ్య రోజుల్లో యూరప్ వేళలకు పెట్టిన పందెం నీకు ఒక గంట ఆలస్యంగా మొదలవుతుంది. జట్టులో లండన్ నుంచి ఒకరు, హైదరాబాదు నుంచి ఇద్దరు ఉన్నారు. మనకు పగలే, హైదరాబాదువాళ్లు మాత్రం అర్ధరాత్రి దాటాక తొక్కుతారు. వాళ్ల కోసమైనా నువ్వు వేళకు రావాలి.

గదిలో గాలి వీచదు, కాబట్టి పెద్ద ఫ్యాను రెండు వైపులా పెట్టుకో. బయట సున్నా డిగ్రీలున్నా లోపల చెమట కాలువలు కడుతుంది. హ్యాండిల్ మీద తువ్వాలు వెయ్యి, లేకపోతే ఉప్పుకు బోల్టులు తుప్పు పడతాయి. గంటకు ఒక సీసా నీళ్లు తాగు. సైకిల్ పక్కలకు వంగదు కనుక పది నిమిషాలకోసారి సీటు మీద నుంచి లే. కింది ఫ్లాట్‌వాళ్లకు శబ్దం వెళ్లకుండా మందపాటి మ్యాట్ వెయ్యి, వాళ్లతో ముందే ఒక మాట చెప్పు.

మొదటి గురువారం నీకు వంతులు ఉండవు. ఆఖరున కూర్చుని కెప్టెన్ పిలుపులు విను, ముందువాడికీ నీకూ మధ్య ఖాళీ ఎన్ని సెకన్లకు ఎలా పెరుగుతుందో చూడు. బుధవారం రాత్రే యాప్ తెరిచి అప్‌డేట్ ఉంటే చేసుకో. నీ బరువు, ఎఫ్‌టీపీ ఆ రాత్రే నాకు పంపు, వరసలో నిన్ను ఎవరి వెనక పెట్టాలో కెప్టెన్‌తో మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ