రిసైటల్ ఒక్కటే మిగిలితే డిగ్రీ వచ్చేసినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో పియానోలో మాస్టర్ ఆఫ్ మ్యూజిక్ చేస్తున్నాడు. ఇది ఆఖరి సెమిస్టర్. క్లాసులన్నీ డిసెంబర్‌కే అయిపోయాయని, ఏప్రిల్‌లో రిసైటల్ ఒక్కటే ఉందని అంటున్నాడు. మే నెలలో కాన్వొకేషన్‌కి మమ్మల్ని రమ్మంటున్నాడు. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం అక్కడే పని చేసుకునే అనుమతి) సంగతి అడిగితే రిసైటల్ అయ్యాక చూద్దాం అంటాడు. మా అక్క కొడుకు కంప్యూటర్స్‌లో ఎమ్మెస్ చేసి మూడేళ్లు ఓపీటీ మీదే ఉద్యోగం చేశాడు. వీడికీ అలాగే ఉంటుందా? టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ఈసారి ఫోన్ చేసినప్పుడు రిసైటల్ ఎప్పుడని కాకుండా హియరింగ్ ఎప్పుడని అడగండి. మీరు అడిగిన మిగతావన్నీ ఆ తేదీ మీదే ఆధారపడి ఉన్నాయి.

పియానో మాస్టర్స్‌లో రిసైటల్ అంటే దాదాపు గంటసేపు ఒక్కడే వేదిక మీద కూర్చుని వాయించే బహిరంగ కచేరీ. మన కచేరీలో లాగా సభను బట్టి అప్పటికప్పుడు కృతి మార్చుకునే వీలు ఉండదు. ఏ స్వరకర్తవి ఏ రచనలు వాయిస్తాడో నెలల ముందే గురువు, కమిటీ ఒప్పుకోవాలి. చాలా స్కూళ్లలో అంతా స్వరలిపి చూడకుండా వాయించాలి. ప్రతి రచన చరిత్ర, నిర్మాణం గురించి ప్రోగ్రామ్ నోట్స్ తనే రాసి ఆమోదం తెచ్చుకోవాలి. ఇంగ్లిష్‌లో అకడమిక్ రాత అలవాటు లేని మన పిల్లలు పియానో దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ ఆలస్యం చేస్తారు. కచేరీకి రెండు మూడు వారాల ముందు ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చుని, ప్రోగ్రామ్‌లో ఎక్కడి నుంచైనా వాయించమంటారు. అదే హియరింగ్. అక్కడ సరే అంటేనే ఏప్రిల్ తేదీ నిలుస్తుంది. కాదంటే వాయిదా. సెమిస్టర్ చివర్లో హాల్ ఖాళీ దొరకడం కష్టం కాబట్టి, ఒక్కోసారి ఆ వాయిదా ఆగస్టు తర్వాతికే పోతుంది.

ఇక 'ఒక్కటే' అన్నాడు కదా, అది ఒకసారి సరిచూసుకోమనండి. చేరిన కొత్తలో థియరీ, సంగీత చరిత్రల్లో ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టి ఉంటారు. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల పియానో గ్రేడ్ పరీక్షలు రాసి వెళ్లిన మన పిల్లల చేతివేళ్లు బాగానే ఉంటాయి కానీ, యూరప్ సంగీత చరిత్ర, వినగానే స్వరాలు రాయడం దగ్గర తడబడతారు. అలాంటి వాళ్లకు రివ్యూ కోర్సు వేస్తారు. దాని క్రెడిట్లు డిగ్రీలో కలవవు, అయినా అది పూర్తి కాకుండా డిగ్రీ ఇవ్వరు. చాలాచోట్ల కాంప్రహెన్సివ్ పరీక్ష కూడా ఉంటుంది. స్వరకర్త పేరు చెరిపేసిన స్కోరు (స్వరలిపి ప్రతి) చేతికిచ్చి, ఇది ఏ కాలానిది, ఎవరిది అయి ఉంటుంది, ఎందుకలా అనుకుంటున్నావు అని అడుగుతారు. ఇవన్నీ పాసైనా, గ్రాడ్యుయేషన్‌కి విడిగా దరఖాస్తు పెట్టాలి. దాని గడువు సాధారణంగా సెమిస్టర్ మొదటి వారాల్లోనే ముగుస్తుంది. కచేరీ అద్భుతంగా చేసి, ఈ ఫారం మర్చిపోయి, డిగ్రీ తర్వాతి సెమిస్టర్‌లో అందుకునేవాళ్లు ఉంటారు.

క్లాసులు అయిపోయాయన్నాడు కాబట్టి ఇంకో మాట. ఈ సెమిస్టర్‌లో రిసైటల్ క్రెడిట్లు మాత్రమే రిజిస్టర్ చేసుకుని ఉంటే, ఆఖరి సెమిస్టర్ కింద తక్కువ క్రెడిట్లకు ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తీసుకున్నాడా? ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకు ఇది తప్పనిసరి. రిసైటల్ వాయిదా పడితే ఐ-20 (చదువు ఎప్పటిదాకా అని యూనివర్సిటీ ఇచ్చే పత్రం) గడువు పెంచమని, ఆ గడువు తీరకముందే అడగాలి. తీరాక అడిగితే పొడిగింపు ఉండదు, విద్యార్థిగా అక్కడ ఉండే హక్కు (స్టేటస్) పోయినట్టే. మళ్లీ తెచ్చుకోవడం పెద్ద తతంగం.

ఓపీటీకి, ఐ-20లో చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి ముందు యూనివర్సిటీ సిఫారసు చేస్తూ కొత్త ఐ-20 ఇవ్వాలి. ఆ సిఫారసు నమోదైన 30 రోజుల్లోపు దరఖాస్తు యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ శాఖకి) చేరాలి. అంటే రిసైటల్ అయ్యాక పెట్టినా నిబంధన ప్రకారం తప్పేమీ లేదు. కాకపోతే పని అనుమతి కార్డు రావడానికి నెలలు పట్టొచ్చు, అది వచ్చేదాకా పైసా పని చేయకూడదు. అలాగని ఫిబ్రవరిలోనే పంపేయమని కూడా నేను చెప్పను. ఓపీటీ మొదలయ్యాక రిసైటల్ మిగిలిపోతే ఆ నెలలు వృథా. కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకుని, హియరింగ్ దాటిన వారంలో పంపడం మంచిది.

మీ అక్క కొడుకుతో పోలిక మాత్రం వదిలేయండి. అతనికి మూడేళ్లు వచ్చింది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) చదువులకిచ్చే పొడిగింపు వల్ల. పియానో పెర్ఫార్మెన్స్ స్టెమ్ కిందికి రాదు, మీవాడికి 12 నెలలే. అందులో మొత్తం మీద 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. అయితే సంగీతం వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. ఒకే కంపెనీలో ఉద్యోగం ఉండాలని లేదు. చర్చిలో బృందగానానికి వాయించడం, బ్యాలే స్కూల్‌లో క్లాసులకు వాయించడం, మ్యూజిక్ స్కూల్‌లో పాఠాలు, విడి కచేరీలు అన్నీ కలిపి వారానికి కనీసం 20 గంటలు ఉంటే చాలు. ఎక్కడ, ఏ తేదీల్లో, ఎంతసేపు చేశాడో లిస్టు రాసి పెట్టుకోవాలి. తమ పాటకు తోడు వాయించే పియానిస్ట్ కోసం వెతుకుతున్న గాయకులు క్యాంపస్‌లోనే ఉంటారు, ఇప్పటి నుంచే వాళ్లతో వాయించడం మొదలుపెట్టమనండి. డాక్టరేట్ ఆలోచన ఉంటే, చాలా స్కూళ్లలో దరఖాస్తు గడువు డిసెంబర్ 1 ప్రాంతంలోనే ముగుస్తుంది, కాబట్టి అది వచ్చే ఏడాది మాట.

మీ ప్రయాణం విషయానికి వస్తే, కాన్వొకేషన్‌లో గౌను వేసుకుని నడిచినంత మాత్రాన డిగ్రీ ఇచ్చేసినట్టు కాదు. కొన్నిచోట్ల రిసైటల్ బాకీ ఉన్నవాళ్లనీ నడవనిస్తారు. డిగ్రీ ఇచ్చినట్టు ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల పత్రంలో) పడాలి. మీకు వీసా ఉండి, ఒక్కసారే వెళ్లగలిగితే రిసైటల్‌కే వెళ్లండి. టికెట్లు మాత్రం హియరింగ్ అయ్యాకే కొనండి, లేదా తేదీ మార్చుకునే వీలున్నవి తీసుకోండి.