లో ప్రొఫైల్ టైర్లు మన రోడ్లకు నప్పుతాయా?

ప్రశ్న: నా హ్యాచ్‌బ్యాక్ కారుకు కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్ 15 టైర్లు అరిగిపోయాయి. ఎలాగూ మారుస్తున్నాను కనుక 17 అంగుళాల అలాయ్ వీల్స్‌తో 205/45 సైజు లో ప్రొఫైల్ (పక్కభాగం ఎత్తు తక్కువగా ఉండే) టైర్లు వేయించుకుంటే కారు అందంగా ఉండటమే కాక మలుపుల్లో పట్టు కూడా పెరుగుతుందని టైర్ల దుకాణంలో అంటున్నారు. రోజూ తార్నాక, బేగంపేట మీదుగా గచ్చిబౌలికి ఉద్యోగానికి వెళ్తాను. అప్పుడప్పుడు అమ్మానాన్నలను తీసుకుని సొంతూరికి వెళ్తుంటాం. వేయించుకోమంటారా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మీరు రాసిన ప్రయాణాలకు 17 అంగుళాల చక్రాలు వద్దన్నదే నా సలహా. కారణం ఆ సైజు అంకెల్లోనే ఉంది. మొదటి అంకె టైరు వెడల్పును మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ (రిమ్‌కూ రోడ్డుకూ మధ్య ఉండే టైరు పక్కభాగం) ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ వ్యాసాన్ని అంగుళాల్లో తెలుపుతాయి. ఆ లెక్కన మీ ఇప్పటి టైరు సైడ్‌వాల్ ఎత్తు సుమారు 120 మిల్లీమీటర్లు. దుకాణంవారు చూపించిన టైరుకు అది 92 మాత్రమే. చక్రం మొత్తం వ్యాసం మాత్రం 621 నుంచి 616 మిల్లీమీటర్లకు తగ్గుతుందంతే కాబట్టి స్పీడోమీటరులో గానీ, కారు అడుగుభాగం ఎత్తులో గానీ చెప్పుకోదగ్గ తేడా రాదు. గుంత దెబ్బను తనలోకి తీసుకునే గాలీ రబ్బరూ ఉన్న చోటే నాలుగో వంతుకు దగ్గరగా కోత పడుతుంది.

చక్రం గుంత అంచును వేగంగా తాకినప్పుడు సైడ్‌వాల్ ఆ అంచుకూ రిమ్‌కూ మధ్య నలుగుతుంది. ఎత్తు ఉన్న టైరు వంగి, మళ్లీ తేరుకుంటుంది. ఎత్తు తక్కువైన టైరులో వంగడానికి చోటు చాలక లోపలి దారాలు తెగుతాయి, లేదా దెబ్బ నేరుగా రిమ్‌కు తగిలి అది వంగుతుంది, కొన్నిసార్లు బీటలు వారుతుంది. అక్కడితో ఆగని అదురు సస్పెన్షన్‌కూ, వెనక సీట్లో కూర్చున్న పెద్దవాళ్ల నడుముకూ చేరుతుంది. వానాకాలంలో నీరు నిలిచినప్పుడు గుంత ఎక్కడుందో, కుంగిన మ్యాన్‌హోల్ మూత ఎక్కడుందో కనిపించని నగరం మనది. జాగ్రత్తగా నడిపేవారికి సైతం ఆ దెబ్బ తప్పదు.

దుకాణంవారు చెప్పిన లాభం అబద్ధం కాదు. పొట్టి సైడ్‌వాల్ తక్కువగా ఊగుతుంది కాబట్టి స్టీరింగ్ తిప్పగానే కారు వెంటనే స్పందిస్తుంది, పొడి రోడ్డు మీద మలుపుల్లో స్థిరంగా ఉంటుంది. కానీ బేగంపేట ట్రాఫిక్‌లో ఆ గుణం అక్కరకు వచ్చే సందర్భాలు అరుదు. పైగా వెడల్పు టైరు నిలిచిన నీటి మీద తొందరగా తేలిపోయే ప్రమాదం ఉంది. చక్రం బరువు పెరిగితే పికప్, మైలేజీ కొంత తగ్గుతాయి.

చాలామంది అడగని విషయం మరొకటి ఉంది. టైరు మీద సైజు పక్కన 88హెచ్ వంటి గుర్తు ఉంటుంది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోల వరకు మోయగలదని అర్థం. 205/45 ఆర్ 17 టైర్లలో 84 గుర్తు ఉన్నవీ దొరుకుతాయి, అవి మోసేది 500 కిలోలే. నలుగురు మనుషులతో, సామానుతో ఊరికి వెళ్లే కారుకు కంపెనీ నిర్దేశించిన అంకె కంటే తక్కువది ఎట్టి పరిస్థితిలోనూ వేయించకూడదు.

చక్రాల అందం మీద మనసు అంతగా ఉంటే, మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ 16 అంగుళాల చక్రాలు, ఉదాహరణకు 195/55 సైజు, ఇస్తున్నదేమో చూడండి. ఇస్తుంటే అంతవరకు వెళ్లవచ్చు. అప్పుడైనా సైడ్‌వాల్ 107 మిల్లీమీటర్లు మిగులుతుంది. మార్పును బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి, వారంటీ సంగతి సర్వీస్ సెంటర్‌లో ముందే అడగండి. నేనైతే అలాయ్ వీల్స్‌కు పెట్టే డబ్బుతో పాత సైజులోనే, తడి రోడ్డు మీద మంచి పట్టు ఉన్న మేలురకం టైర్లు నాలుగూ కొంటాను.

ప్రశ్న: మా కారుకు కంపెనీ నుంచే లో ప్రొఫైల్ టైర్లు వచ్చాయి. ఒక గుంతలో పడ్డాక టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తోంది, గాలి మాత్రం తగ్గడం లేదు. కొంతకాలం వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కొంపల్లి

జవాబు: వాడకూడదండి. లోపలి దారాలు తెగిన చోట గాలిని ఆపుతున్నది రబ్బరు పొర ఒక్కటే. గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద అది పేలితే కారు అదుపు తప్పుతుంది. సైడ్‌వాల్‌కు ప్యాచ్ వేయడం కుదరదు, ఎవరైనా వేస్తామన్నా ఒప్పుకోకండి. ఈరోజే స్టెప్నీ వేయించండి. అది మిగతా చక్రాల కంటే చిన్నదైతే దాని మీద రాసిన వేగపరిమితిని మించకుండా దుకాణం వరకే నడపండి. చక్రం విప్పినప్పుడు రిమ్ లోపలి అంచు వంగిందేమో చూపించి, కొత్త టైరు వేశాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి. ఇకపై రెండు వారాలకోసారి, కారు నడపకముందు టైర్లు చల్లగా ఉండగానే గాలి చూపించండి. కుదుపులు తగ్గుతాయని గాలి తగ్గించి నడిపితే ఇలాంటి టైర్లు ఇంకా త్వరగా దెబ్బతింటాయి. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న ఒత్తిడినే పాటించండి.