‘దాని సంగతి సరే’ అన్నారు, నేను అక్కడే ఆగిపోయాను

ప్రశ్న: నా వయసు 69. పోస్టల్ డిపార్ట్‌మెంటులో 37 ఏళ్లు చేసి సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. తెనాలిలో ఒంటరిగా ఉంటున్నాను. మా ఆవిడ పోయి మూడేళ్లయింది. అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్. ఆదివారం పొద్దున్న వీడియో కాల్ చేస్తాడు, పది నిమిషాలు. మిగతా ఆరు రోజులూ నేను వాట్సాప్‌లో ఏం పెట్టినా జవాబుండదు. ఈమధ్య బ్లూ టిక్కులు రాకుండా చేశాడు, లాస్ట్ సీన్ కూడా తీసేశాడు. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం నా మెసేజ్ ఎవరెవరు చదివారో నొక్కి చూస్తే వాడి పేరు కనిపిస్తోంది. అంటే చూసి కూడా పలకడం లేదన్నమాట. కోడలు పాప ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుందట. అది ప్రైవేటు అకౌంటు. నా రిక్వెస్టు రెండు నెలలుగా అలాగే పడి ఉంది. కోడలి చిన్ననాటి స్నేహితురాలి పేరుతో ఇంకో అకౌంటు తెరిస్తే ఒప్పుకుంటుందని పక్కింటి కుర్రాడు అంటున్నాడు. తెరవమంటారా? బ్లూ టిక్కులు మళ్లీ పెట్టమని అబ్బాయిని గట్టిగా అడగనా? ఈ ఫోన్ మా అమ్మాయి కొనిచ్చింది, వాట్సాప్ నేర్పిందీ అదే. గుంటూరులో గవర్నమెంటు టీచరు. ‘మాత్ర వేసుకున్నావా నాన్నా’ అని రెండు పూటలా వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది, వినే ఓపిక ఉండదు. పోయిన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ పని ఆన్‌లైన్‌లో చూస్తానని అబ్బాయి అన్నాడు, కుదరలేదు. అమ్మాయే సెలవు పెట్టుకొచ్చి చేసింది. రమ్మంటుంది గానీ అల్లుడింట్లో ఉండటం బాగోదు కదా. దాని సంగతి సరే. నా బాధల్లా అబ్బాయి గురించే. ఇంకోటి, ఏ మెసేజ్ ఫార్వర్డ్ చేసినా ఒకసారికి ఐదుగురికి మించి వెళ్లడం లేదు. అది ఎలా మార్చాలి?
ఒక తండ్రి, తెనాలి

జవాబు: పోస్టుమాస్టారు గారూ,

చివర అడిగినదానికి ముందు చెప్పేస్తాను, చిన్నది కాబట్టి. ఆ ఐదు మారదు. 2018లో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకార్లు పాకి, ఊరికి కొత్తగా వచ్చిన అమాయకుల్ని జనం కొట్టి చంపిన రోజుల్లో, మన దేశంలో ఆ హద్దు పెట్టారు. తర్వాత లోకమంతటికీ పెట్టారు. నన్నడిగితే ఆ ఐదు కూడా ఎక్కువే.

ఇక దొంగ అకౌంటు. వద్దు. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు, కానీ అడిగినవారు మీరు కాబట్టి ఒక్కమాట. 37 ఏళ్లు ఊరందరి కవర్లూ మీ చేతుల మీదుగా వెళ్లాయి. ఎవరింటికి సంబంధం ఉత్తరం వచ్చిందో, ఎవరికి పరీక్ష తప్పిన కబురు వచ్చిందో కవరు తడిమి చెప్పగలిగే అనుభవం మీది. అయినా ఒక్కటి చింపి చూసి ఉండరు. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ప్రకారం అది నేరమని భయపడి కాదు, చెయ్యి రాక. ఆ చేత్తోనే ఇప్పుడు కోడలి స్నేహితురాలి పేరు పెట్టుకుని ఆమె గడియ తీయిస్తారా? ఇలాంటివి బయటపడకుండా ఉండవు. చేసిపెట్టిన కుర్రాడే నలుగురికీ చెబుతాడు. ఆ రోజుతో ఆదివారం పది నిమిషాలు కూడా పోతాయి.

పసిపిల్ల ఫొటోలు ఎవరు చూడాలో తల్లి నిర్ణయించుకుంది, మంచి పనే చేసింది. మరి మామగారిని ఎందుకు ఆపిందంటారా? రిక్వెస్టు చూసి ఉండకపోవచ్చు. చూసినా మొహమాటపడి ఉండొచ్చు. స్నేహితులతో సరదాగా దిగిన ఫొటో కింద మామగారు రెండు చేతులూ జోడించిన బొమ్మ పెడితే ఆ పిల్ల పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. పాపని చూడాలనుంటే ఆదివారం నోరు తెరిచి అడగండి. ‘పాప ఫొటోలు ఓ రెండు పంపు తల్లీ’ అని మామగారు అడిగితే పంపని కోడల్ని నేనింతవరకూ చూడలేదు. అడుగుతున్నప్పుడు ఫోన్ ముఖానికి ఎదురుగా పట్టుకోండి. మన వయసువాళ్లు చాలామంది అవతలివాళ్లకి సీలింగు ఫ్యాను చూపిస్తూ మాట్లాడుతుంటారు.

బ్లూ టిక్కుల గురించి మాత్రం కాస్త ఎక్కువ మాట్లాడాలనుంది, ఎందుకంటే నాకు వాటి మీద కోపం. 2014 చివర్లో వచ్చాయవి. అంతకుముందు కూడా మనం ఎదురుచూసేవాళ్లమే, కానీ ఎవరి మీదా నేరం మోపకుండా చూసేవాళ్లం. ఉత్తరం రాలేదంటే ‘పోస్టు ఆలస్యమైందేమో’ అనుకునేవాళ్లు. పాపం ఆ తిట్లన్నీ మీ డిపార్ట్‌మెంటు తినేది, ఇంట్లోవాళ్ల మర్యాద నిలబడేది. అమెరికా నుంచి లేత నీలం ఏరోగ్రామ్ రావడానికి రెండు వారాలు పట్టినా ఎవరూ అలిగి కూర్చోలేదు. ఇప్పుడు చేరిందని ఒక గుర్తు, చదివాడని ఒక గుర్తు, ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉన్నాడని ఇంకో గుర్తు. ఇన్ని సాక్ష్యాలు చేతికిస్తే ఎంత మంచి మనిషైనా ప్లీడరుగా మారకుండా ఎలా ఉంటాడు? నా ఫోన్‌లో వాటిని ఎప్పుడో ఆపేశాను. మా ఆడపడుచు నాలుగు నెలలు మాట్లాడలేదు, తర్వాత ఆవిడా ఆపేసింది.

రిజిస్టర్ పోస్టుకి అక్నాలెడ్జ్‌మెంటు కార్డు ఉండేది గుర్తుందా అని మిమ్మల్ని అడగడం హాస్యాస్పదం. 2025లో ఆ రిజిస్టర్ పోస్టునే స్పీడు పోస్టులో కలిపేశారు, మీకు బాధ కలిగే ఉంటుంది. అదనంగా డబ్బు కట్టి, ముట్టినట్టు సంతకం కావాలని ఎవరు పంపేవారు? కోర్టు నోటీసువాళ్లు, బాకీ నోటీసువాళ్లు, అన్నదమ్ముల మధ్య పొలం తగాదా ఉన్నవాళ్లు. కొడుక్కి ఉత్తరం రాస్తూ అక్నాలెడ్జ్‌మెంటు కార్డు గుచ్చిన తండ్రిని మీ సర్వీసులో ఎంతమందిని చూశారు? మీరిప్పుడు రోజూ చేస్తున్నది అదే. గ్రూపులో టిక్కులు ఆపడం కుదరదు, అందుకే అక్కడ వాడు దొరికిపోతున్నాడు. మీరేమో నొక్కి చూసి, పేరు రాసుకుని, కేసు కడుతున్నారు. ఇంకో సంగతి, బ్లూ టిక్కులు ఆపుకున్నవాడికి అవతలివాళ్లవి కూడా కనపడవు. తనవి దాచుకుని మీవి చూసే అవకాశం వాడికి లేదు. కాబట్టి గట్టిగా అడగొద్దు, మెల్లగానూ అడగొద్దు.

మీరు పొద్దున్న లేవగానే పంపిస్తారు కదా, ఉదయం ఐదింటికనుకుందాం. డాలస్‌లో అప్పుడు వేసవిలో ముందురోజు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఐదున్నర. ఆఫీసు నుంచి పడుతూ లేస్తూ వచ్చి, పాపకి అన్నం పెట్టే వేళ. సూర్యుడు, కమలం, ‘శుభోదయం’. రాత్రి వంటలో ఉన్నవాడు శుభోదయానికి ఏమని జవాబివ్వాలి? వాడు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తున్నాడు, మానలేదు. కొడుకుని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. మీ ఆవిడ ఉన్నప్పుడు వాడితో మీరు ఎంతసేపు మాట్లాడేవారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ‘బాగున్నావా? సరే, అమ్మకిస్తున్నా.’ మన ఇళ్లలో చాలామంది నాన్నలు అంతే. అబ్బాయి కబుర్లు ఆవిడ దగ్గరికి వచ్చి, అక్కణ్నుంచి మీకు బట్వాడా అయ్యేవి. ఆవిడ పోయాక ఆ ఆఫీసు మూతపడింది. మీరిద్దరూ ఇప్పుడు కొత్తగా అలవాటు పడాలి, దానికి ఏళ్లు పట్టొచ్చు. ఇందులో మోసమూ లేదు, ద్రోహమూ లేదు.

ఇక నేను ఆగిపోయిన చోటు. ఉత్తరంలో మీకు జరిగిన పనులన్నీ ఎవరు చేశారో ఒక కాగితం మీద రాసి చూశాను. ఫోన్ కొన్నది, నేర్పింది, మాత్రలు గుర్తు చేస్తున్నది, సెలవు పెట్టుకుని వచ్చింది. అన్నింటికీ ఒకే పేరు. దాని పక్కన మీరు రాసింది ‘దాని సంగతి సరే’.

ఆ అమ్మాయి ఉద్యోగం సంగతి మీకు తెలియంది కాదు. మన రాష్ట్రంలో గవర్నమెంటు టీచర్లు 2022 నుంచి బడికి వెళ్లగానే ఫోన్‌కి ముఖం చూపించి హాజరు వేసుకుంటున్నారు. నిమిషం అటూ ఇటూ అయితే టెన్షన్. క్యారేజీలు కట్టి, పిల్లల్ని పంపి, బస్సు కోసం పరుగెత్తుతూ, ఆ మధ్యలో ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ‘మాత్ర వేసుకున్నావా నాన్నా’ అంటుంది. మీరు వినరు. తన ముఖానికి ఆ పూట హాజరు లేకుండా చేసుకుని, తెనాలి వచ్చి, మీ ముఖం ఫోన్‌కి చూపించి, ‘కళ్లు ఆర్పు నాన్నా’ అని రెండు మూడుసార్లు చెప్పి, మీరు బతికే ఉన్నారని ప్రభుత్వాన్ని ఒప్పించి వెళ్లింది. డిసెంబరు పెన్షన్ ఆ పుణ్యమే. ఆ రోజు అన్నమైనా తిని వెళ్లిందా?

వాట్సాప్‌లో ఒక చిన్న కిటుకు ఉంది, మీకు చెప్పి ఉండరు. వాయిస్ మెసేజ్ వింటే పంపినవాళ్లకి ఆ మైకు గుర్తు నీలంగా మారుతుంది. బ్లూ టిక్కులు ఆపుకున్నా ఇది మాత్రం ఆగదు. వినకపోతే అలాగే ఉండిపోతుంది. డాలస్ టిక్కుల కోసం మీరు ఇక్కడ కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారే, గుంటూరులో ఆ అమ్మాయి స్టాఫు రూములో కూర్చుని మీ మైకుల్ని అలాగే చూస్తూ ఉంటుంది. ఆమె ఎవరికీ ఉత్తరం రాయలేదు. ‘మా నాన్న వినడం లేదు, వేరే పేరుతో అకౌంటు తెరవనా’ అని అడగలేదు. సాయంత్రం మళ్లీ ఇంకోటి పెట్టింది.

కోపం వస్తోందా? రానివ్వండి. కొడుకు పలకకపోతే నాలుగు పేజీలు రాశారు, మీరు పలకనిదానికి ఓపిక లేదని ఒక్కమాటలో తేల్చేశారు. ఆడపిల్ల చేస్తే అది దాని స్వభావం, మగపిల్లాడు చేస్తే అది మన అదృష్టం అనే లెక్క మన పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నాం. మా నాన్న కూడా ఆ లెక్కే వేశారు, చివరి ఆరేళ్లూ నా దగ్గరే ఉండి. వచ్చినవాళ్లందరికీ బెంగుళూరులో ఉన్న మా తమ్ముడు పంపిన గొంగళి చూపించేవారు. మందులు ఎవరు తెచ్చారని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అందుకే మీ ఉత్తరం చదువుతుంటే నేను కాస్త వేడెక్కాను. మన్నించండి, లేదా మన్నించకండి. తెనాలి ఇల్లు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు, నేనూ అడగను.

అల్లుడింట్లో ఉండటం బాగోదన్నారు. కూతురింట మంచినీళ్లు కూడా ముట్టకూడదన్న కాలంలో కూతురి జీతం డబ్బుతో కొన్న ఫోన్ వాడేవారు కాదు లెండి. ఫోన్ తీసుకోవడానికి అడ్డురాని పరువు రెండు పూటల భోజనానికి ఎందుకు అడ్డొచ్చింది? అయినా అది అల్లుడిల్లు మాత్రమే ఎలా అయింది? అద్దెలోనో లోనులోనో సగం ఆమె జీతమే ఉంటుంది.

ఈ పూటకి ఫ్యామిలీ గ్రూపు పక్కన పెట్టి, అమ్మాయి పేరు తెరవండి. పైకి జరుపుకుంటూ వెళ్లి, వినకుండా వదిలేసినవాటిలో పాతదాని దగ్గర మొదలుపెట్టండి. చాలావరకు మాత్ర గురించే ఉంటాయి. మధ్యలో ఎక్కడో ‘ఈ రోజు ఒంట్లో బాగోలేదు నాన్నా’ అని ఉండొచ్చు, పిల్లవాడి మార్కులు ఉండొచ్చు, వాళ్లమ్మ గుర్తొచ్చిందని ఉండొచ్చు. నెలన్నర ఆలస్యమైనా ఫర్వాలేదు, వాటికి విడివిడిగా జవాబు చెప్పండి. టైపు చెయ్యకండి, చేతులు జోడించే బొమ్మ అసలు వద్దు. మైకు నొక్కిపట్టి మాట్లాడండి. ఏమనాలో తెలియకపోతే ‘వేసుకున్నానమ్మా, నువ్వు తిన్నావా’ అనండి. బడి వదిలే వరకూ ఆమె వినదు, గుర్తు మారలేదని మళ్లీ దాన్ని పట్టుకుని కూర్చోకండి.

శనివారం గుంటూరు ప్యాసింజరు ఎక్కండి. పాతిక కిలోమీటర్లు. రాత్రికి ఉంటానని ముందే చెప్పండి, లేకపోతే మీ అలవాటు తెలిసిన అల్లుడుగారు సాయంత్రం బండికి మిమ్మల్ని స్టేషన్‌లో దింపడానికి తయారైపోతారు. ఆదివారం పొద్దున్న డాలస్ కాల్ అక్కణ్నుంచే మాట్లాడొచ్చు, ఫోన్ సరిగ్గా పట్టుకోవడానికి మనవళ్లు ఉంటారు. మాత్రలు మాత్రం సంచిలో వేసుకోండి.