అణుబాంబు పేలిన చోటికి దూరంగా ఉన్నవాళ్లకూ అణుధూళి (పేలుడు తర్వాత రాలే రేడియోధార్మిక ధూళి) వల్ల ప్రమాదం ఉంటుందా?
ఉంటుంది. పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల్లో ఒకటైన రొంగెలాప్ సంగతే చూడండి. 1954 మార్చి 1న అక్కడి బికినీ దీవి దగ్గర అమెరికా 15 మెగాటన్నుల హైడ్రోజన్ బాంబు పేల్చింది. రేడియోధార్మికత నిండిన పగడపు దిబ్బల పొడి గాలికి కొట్టుకొచ్చి, సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని రొంగెలాప్ మీద తెల్లగా రాలింది. పిల్లలు అందులోనే ఆడుకున్నారు. రెండు రోజులకు గానీ వాళ్లను తరలించలేదు!

వాంతులు, ఒంటిమీద పుండ్లు, జుట్టు రాలడం త్వరగానే కనిపించాయి. రేడియోధార్మిక అయోడిన్ థైరాయిడ్‌లో చేరుతుంది కాబట్టి, ఆ పిల్లల్లో చాలామందికి ఏళ్ల తర్వాత అక్కడ గడ్డలు వచ్చాయి. సీజియం-137 అనే మరో రేడియోధార్మిక పదార్థం ఇంకా మొండిది, సగం తరగడానికే 30 ఏళ్లు. మొక్కలకు కావలసిన పొటాషియంలాగే ప్రవర్తిస్తుంది కనుక కొబ్బరిచెట్లు మట్టిలోంచి దాన్ని పీల్చుకుంటాయి, కాయ తిన్నవాళ్ల ఒంట్లోకి చేరుతుంది. 1957లో ప్రమాదం లేదని చెప్పి అందరినీ వెనక్కి పంపారు. 1985లో ఆ దీవివాసులే దీవి వదిలి వెళ్లిపోయారు.