నోటితో చెప్తాడు, రాయమంటే వెనకబడతాడు

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఎక్కాలు అడిగితే గబగబా చెప్పేస్తాడు. బోర్డు మీద ఉన్నది సగం రాసేలోపే టీచర్ తుడిచేస్తారట. చొక్కా బొత్తాలు ఇప్పటికీ నేనే పెట్టాలి. డాక్టర్ 'డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్' అన్నారు. స్కూల్లో మాత్రం బద్ధకం అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: బద్ధకం కాదమ్మా. డాక్టర్ చెప్పిన ఈ సమస్యలో చేతులు, వేళ్లు అనుకున్నట్టు కుదురుగా కదలవు. దీన్నే డిస్‌ప్రాక్సియా అని కూడా అంటారు. బడి వయసు పిల్లల్లో సుమారు 5–6 శాతం మందికి ఇది ఉంటుంది. తెలివికి లోటేమీ ఉండదు. రిపోర్టు జిరాక్స్ తీసుకుని క్లాస్ టీచర్‌ని విడిగా కలవండి. నోట్స్ కాపీ ఇచ్చి, బాబు చేత ముఖ్యమైన నాలుగు లైన్లే రాయించమనండి. జవాబులు కొన్ని నోటితో అప్పజెప్పించుకోమనండి. ఇంపోజిషన్లు మాత్రం అస్సలు వద్దు, చెయ్యి నొప్పి తప్ప ఒరిగేదేం లేదు. ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది: బెంచీ మీద కూర్చుంటే పాదాలు నేలకి ఆనుతున్నాయా? గాల్లో వేలాడుతుంటే ఒళ్లు నిలవదు, రాత ఇంకా వంకర పోతుంది. కింద చిన్న పీట వేయించండి. లేసుల బూట్లు మానేసి వెల్‌క్రోవి కొనండి. రాత, బొత్తాలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు సాధన చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టుని తప్పక కలవండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో డిస్‌ప్రాక్సియా పేరు ఉంది. స్కూలు మొండికేస్తే ఆ మాట కూడా చెప్పండి.