మెరిసే కార్డు మీద అచ్చు ఆరకపోతే

అక్కా, పోచంపల్లి డిజైన్ స్టాంపును మెరిసే కార్డు మీద కొడితే ఎంతసేపటికీ ఆరట్లేదు, వేలు తగిలితే అలుక్కుపోతుంది అన్నరు కదా. స్టాంపు మంచిదే, తంటా అంతా కాగితంతోనే. ఆఫీసు స్టాంపు ప్యాడుల సిరా కాగితంలకు ఇంకితేనే ఆరుతది. మెరుపు పూత దాన్ని ఇంకనియ్యదు. పూత లేని 250–300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాములల్ల) కార్డు తీసుకోండి. పెండ్లి పత్రికలు కొట్టే ప్రెస్సుల అడిగి చూడండి, కత్తిరించంగ మిగిలిన ముక్కలు ఉంటే చవకగ ఇస్తరు. ఇంట్ల ఉన్న కార్డులు పారెయ్యకండి, వెనక దిక్కు గరుకుగ ఉంటే అటు కొట్టండి.

నడుమ తెల్లగ పడుతుందంటే కార్డు కింద పాత పేపరు నాలుగు మడతలేసి పెట్టండి. ప్యాడు మీద స్టాంపును అదమొద్దు, మెల్లగ తట్టాలె. అదిమితే సిరా సందులల్లకు దిగి డిజైన్ ముద్దయితది. అంచులు కొద్దిగ చెదిరితే మాత్రం ఫికర్ చెయ్యకండి. పోచంపల్లి నేత అయిన ఇకత్‌ల నూలుకే ముడులు కట్టి రంగేసి తర్వాత నేస్తరు గనుక అసలు చీర మీద కూడా అంచులు గట్లనే ఉంటయి. నాకైతే గదే అందం.

మడత కాడ పగుళ్లకు: సిరా అయిపోయిన బాల్ పెన్ను, స్కేలు పెట్టి ముందు గాడి గియ్యండి, తర్వాత మడవండి. ఏ-4 సగానికి మడిస్తే ఏ-5 సైజు కార్డు వస్తది, దానికి తగ్గ కవరు ముందే చూసుకోండి.