స్టీమ్ లైన్ పొద్దున్నే ఢాం ఢాం అంటుంటే అది మామూలేనా?

మీ ప్రశ్న చదివాను. ఆదివారం ఆపిన లైన్‌ని సోమవారం పొద్దున తెరిస్తే పైపులో సుత్తితో కొట్టినట్టు చప్పుళ్లు వస్తున్నాయి, ర్యాక్ మీద పైపు ఊగుతోంది, మీ సీనియర్ మాత్రం మామూలే అంటున్నారు, పైగా ట్రాప్ (పైపులో చేరిన నీళ్లని బయటికి వదిలి, ఆవిరిని ఆపే పరికరం) బైపాస్‌లు, అంటే ట్రాప్‌ని తప్పించే పక్కదారి వాల్వ్‌లు, ఎప్పుడూ తెరిచే ఉంచమంటున్నారు, అంతే కదా. ఇందులో మామూలు ఏమీ లేదండి. నేను పైడిభీమవరం వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌లో యుటిలిటీస్‌లో, అంటే బాయిలర్, స్టీమ్ లాంటివి చూసే విభాగంలో, పదకొండేళ్లు చేశాను. మొదట్లో నాకూ ఇదే చెప్పారు. "ఏటీ అవదురా, కాసేపు అరుస్తాది, మరి ఊరుకుంటాది" అనేవారు మా షిఫ్టు పెద్దాయన. నిజంగానే రోజూ అరిచేది, రోజూ ఊరుకునేది. ఒక సంక్రాంతి తర్వాత మాత్రం ఊరుకోలేదు.

కనుమ మర్నాడు. బాయిలర్ ప్రెషర్ 10 కేజీలకి (చదరపు సెంటీమీటరుకి) వచ్చింది, ప్రొడక్షన్ నుంచి ఫోన్ మీద ఫోన్, ఇంకా స్టీమ్ రాలేదేంటని. ఆ టెన్షన్‌లో ఒకాయన నాలుగంగుళాల మెయిన్ వాల్వ్ చక్రాన్ని గబగబా ఐదారు చుట్లు తిప్పేశాడు. రెండు దెబ్బలు దూరంగా వినబడ్డాయి, మూడోది మా నెత్తిమీదే. వంపు దగ్గర ఫ్లాంజి (రెండు పైపులని బోల్టులతో కలిపే చోటు) గ్యాస్కెట్ చీలిపోయి, కింద నించున్న హెల్పర్ కుర్రాడికి మోచెయ్యి నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయింది. అతను ఇప్పటికీ ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కాయే వేస్తాడు.

ఆ కొట్టేది ఆవిరి కాదు, నీళ్లు. చల్లారిన ఇనుప పైపులోకి ఆవిరి వెళ్లగానే నీరైపోతుంది, ఆ నీరు అడుగున పారుతుంటే పైనుంచి ఆవిరి సెకనుకి 25, 30 మీటర్ల వేగంతో పోతుంది, అంటే గంటకి వంద కిలోమీటర్ల లెక్క. అది నీళ్లని అలలా లేపి, పైపు నిండా దిమ్మలా చేసి తోసుకుపోతుంది. ఆ దిమ్మ వంపు దగ్గరో, సగం మూసిన వాల్వ్ దగ్గరో గుద్దుకుంటుంది. గాలిలాగా నీళ్లు నొక్కుకుపోవు కదా, దెబ్బంతా ఇనుము మీదే పడుతుంది.

తర్వాత లైన్ అంతా నిచ్చెనేసుకుని చూస్తే అసలు సంగతి బయటపడింది. నాలుగంగుళాల పైపు అడుగున అరంగుళం నిపుల్ (చిన్న పైపు ముక్క) ఒకటి అతికించి, దానికి ట్రాప్ పెట్టి, డ్రెయిన్ పాయింట్ అన్నారు. అంత వేగంగా పోయే నీళ్లు ఆ చిన్న కన్నంలో పడతాయా చెప్పండి, దాని మీదుగా దూకిపోతాయి. నీళ్లు పట్టే పాకెట్ అంటే మెయిన్ పైపు సైజే ఉండాలి, నాలుగంగుళాల దాకా ఇదే లెక్క. అది గుంతలా నీళ్లని పట్టుకుంటే దాని పక్కనుంచి చిన్న పైపు తీసి ట్రాప్‌కి ఇవ్వాలి, అడుగున మడ్డి తీసుకోడానికి విడిగా ఇంకో వాల్వ్. ఇలాంటివి 30 నుంచి 50 మీటర్లకొకటి, పైపు పైకి లేచే ప్రతిచోటా ముందు ఒకటి, లైన్ చివర ఒకటి. మా 150 మీటర్ల లైన్‌కి ఉన్నవి రెండు, అందులో ఒకటి చల్లగా రాయిలా ఉంది, దాని ముందుండే స్ట్రైనర్ (చెత్తని ఆపే జల్లెడ) తుప్పుతో పూడిపోయింది. ఇంకో చోట సపోర్ట్ రాడ్ మన సముద్రపు గాలికి తిని తెగిపోతే, పైపు రెండంగుళాలు కిందికి జారి ఉయ్యాల్లా ఉంది, నీళ్లు అక్కడే కాపురం. వాలు వందకి ఒకటి చొప్పున, ఆవిరి పోయే వైపే ఉండాలి.

మీరు రేపటి నుంచి చేయగలిగింది ఇది: ముందు డ్రెయిన్‌లన్నీ తెరవండి, మెయిన్ వాల్వ్‌కి చిన్న బైపాస్ ఉంటే దాంతోనే, లేకపోతే చక్రం పావు చుట్టు తిప్పి వదిలేయండి. డ్రెయిన్లలో నీళ్లు ఆగి ఉత్త ఆవిరి వచ్చేదాకా ఆగండి, మాకు ఇరవై నిమిషాలు పట్టేది. దెబ్బ వినిపిస్తే తెరవడం ఆపండి, నెమ్మదిగా మూయండి, లైన్ కింద ఎవరూ ఉండకుండా చూడండి. లీకుంటే చేత్తో వెతక్కండి. కంటికి కనబడే తెల్లటి పొగ అప్పటికే చల్లబడిన తుంపర, కన్నం దగ్గరి ఆవిరి అసలు కనబడదు, 10 కేజీల దగ్గర అది 180 డిగ్రీల పైమాటే. ఇంకోటి, పాకెట్లు పెట్టించేటప్పుడు తెలిసిన వెల్డర్ని తెచ్చి అతికించేయకండి. 3.5 కేజీలు దాటిన స్టీమ్ పైపు ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కిందకి వస్తుంది, దానికి డ్రాయింగ్ అప్రూవల్, సర్టిఫికెట్ ఉన్న వెల్డర్ కావాలి.

వానాకాలంలో చప్పుళ్లు ఎక్కువైతే ఇన్సులేషన్, అంటే పైపు వేడి పోకుండా చుట్టిన పొర, చూడండి. మా బావగారికి పలాసలో జీడిపిక్కలు ఉడికించే చిన్న యూనిట్ ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కప్పు రేకులతో పాటు పైపు మీది అల్యూమినియం రేకు కూడా ఎగిరిపోయి లోపలి ఇన్సులేషన్ దూది తడిసి ముద్దయింది. ఆరిపోతుందిలే అని వదిలేశారు. రెండు నెలలు బాయిలర్‌లో జీడిపిక్కల తొక్క ఎంత కాల్చినా స్టీమ్ చాలక, నన్ను పిలిచారు. తడి దూది పైపుకి చలవ చేస్తుంది, వేడి నిలపదు. కొత్తది వేయాల్సిందే.

ఇక బైపాస్ సంగతి. తెరిచి ఉంచితే చప్పుడు తగ్గడం నిజమే, నీళ్లు పోతున్నాయి కాబట్టి. కానీ వాటితో పాటు ఆవిరి కూడా కండెన్సేట్ (ఆవిరి చల్లారి అయిన నీరు) లైన్‌లోకి పోతుంది, అక్కడ ప్రెషర్ పెరిగి పక్క ట్రాప్‌లు నీళ్లు తోయలేవు, అప్పుడు దెబ్బలు ఆ లైన్‌లో మొదలవుతాయి. మీరు చేసింది చప్పుడుని ఈ పైపు నుంచి ఆ పైపుకి మార్చడమే. బొగ్గు ఖర్చు అదనం. ట్రాప్‌కి పనిచేసే అవకాశమివ్వండి. నెలకోసారి టెంపరేచర్ గన్‌తో ట్రాప్‌కి ముందూ వెనకా చూడండి. చల్లగా ఉంటే మూసుకుపోయిందని. ఎప్పుడూ ఊదుతూ ఉంటే లోపల అరిగిందని. వేడి కండెన్సేట్ శుభ్రంగా బాయిలర్ ట్యాంకుకి తిరిగొస్తే, ఫీడ్ వాటర్ (బాయిలర్‌కి వెళ్లే నీరు) వేడి ఆరు డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఇంధనం దాదాపు ఒక శాతం మిగులుతుంది, మీ మేనేజర్‌కి భద్రత కంటే ఈ మాట తొందరగా ఎక్కుతుంది, అనుభవంతో చెబుతున్నా.

మేమైతే ట్రాప్ బైపాస్ వాల్వ్‌ల చక్రాలన్నీ ఊడదీసి స్టోర్‌లో పెట్టించాం, డ్రెయిన్‌లవి మాత్రం ముట్టుకోలేదు. కావాల్సినవాళ్లు రిజిస్టర్‌లో ఎందుకో రాసి తీసుకెళ్లాలి. మొదటి వారం నన్ను బాగానే తిట్టుకున్నారు. అందరికంటే ముందు సంతకం పెట్టింది మా షిఫ్టు పెద్దాయనే, కారణం గడిలో "అరుస్తంది" అని రాశారు. వెళ్లి చూస్తే ఆ ట్రాప్ స్ట్రైనర్‌లో గుప్పెడు వెల్డింగ్ మడ్డి ఉంది.